టేపు వెయ్యని మొహం

సబ్బు బిళ్ళట! విన్నావా? అరిగిపోయిన సబ్బు బిళ్ళకి చక్రాలు పెట్టినట్టుందట మన కొత్త కారు. పక్కింటాయన మెట్ల మీద ఆపి మరీ ఫోన్ చూపించాడు. "మీ కంపెనీ వాళ్ళకి ఏమైందండీ?" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆయన గుమ్మం ముందు ఆ డొక్కు స్కూటర్ తప్ప ఇంకోటి ఆగగా నేనెప్పుడూ చూడలేదు. స్పోర్ట్స్ కారు మొహం ఎలా ఉండాలో ఆయన చెప్పాలా?

పోనీ, సబ్బంటే సబ్బన్నారు. చేపన్నారు. నిద్రమొహం అన్నారు. ఇంకొకడు ఏమన్నాడో చెప్పనా? వద్దులే.

సరే, చెప్తాను. "ఏడుపు మొహం కారు"ట. అందరూ ఇప్పుడు ఆ మాటే పట్టుకున్నారు. ఇంత డబ్బు పోసి కొనుక్కుని, పొద్దున్నే లేచి ఆ ఏడుపు మొహం చూడాలా అని. మన పాత కార్ల బొమ్మలు గోడ మీద పెట్టుకుని పెరిగినవాళ్ళు కూడా అంటున్నారోయ్, అదీ నా బాధ.

ఉండు, స్టూలు లాక్కుంటాను. నీ కుర్చీ జోలికి రానులే. ఫ్యాక్టరీలో మీ సీట్ల సెక్షన్‌లో మిగిలిన ఎర్ర తోలు ముక్కలన్నీ ఏరుకొచ్చి, కూర్చుని కుట్టుకున్న కుర్చీ. "ఆ మట్టి చేతులతో నా కుర్చీ ముట్టుకున్నారంటే ఊరుకోను!" ఎన్నిసార్లు తిట్టి ఉంటావు? నువ్వు పోయాక కూడా నేను చేతులు కడుక్కునే దీని పక్కకి వస్తున్నాను. ఎవరికి భయపడుతున్నానో నాకే తెలీదు.

వీళ్ళకేం తెలుసు చెప్పు, ఏ కారైనా ముందు మట్టేనని? మా డిజైనరమ్మ కాగితం మీద గీసిస్తుంది. నేను ఓవెన్లోంచి వెచ్చగా తీసిన మట్టిని పొరలు పొరలుగా మెత్తి, గీకి, అసలు కారంత కారు నిలబెడతాను. అదీ సగమే. ఎడమ సగం నేను చెక్కితే, దాన్ని కొలుచుకుని కుడి సగం మెషీన్ చెక్కేస్తుంది, అద్దంలో చూపించినట్టు. మొదటిసారి ఈ మాట చెప్పినప్పుడు నువ్వేమన్నావు? "అయితే మీరు సగం పనికే జీతం పుచ్చుకుంటున్నారన్నమాట!" క్యాంటీన్ క్యాంటీనంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే గేటు దగ్గర నీకోసం ఆగాను, గుర్తుందా?

మన పాత కార్లకి ముందు ఎంతేసి నోరుండేది! ఆ జాలీ వెనక ఇంజను గుర్రుమంటే, సీట్ల సెక్షన్‌లో సూదులు పట్టుకున్న చేతులు ఆగిపోయేవి. ఇది కరెంటు కారాయె. ఇంజనే లేదు, ఇంక గాలి పీల్చే నోరెందుకు? తీసేశారు. నోరు పోయాక మొహంలో మిగిలేదేముంది? కళ్ళు. రెండు లైట్లు, అంతే.

నీకు మాట పడిపోయింది కూడా అప్పుడే. నేనా రెండింటినీ ఎప్పుడూ కలిపి చూడలేదు. నీ మీద ఒట్టు.

మధ్యాహ్నం దాకా స్టూడియో, ఆ తర్వాత హాస్పిటల్. అంతే కదా మన బతుకు అప్పుడు? నీ ఎడమకన్ను రెప్ప వాలిపోయింది. అది నీ చేతిలో లేదు. నేను రాగానే వేలు పైకెత్తి చూపించేదానివి, ఎత్తండి అని. నేను బొటనవేలితో మెల్లిగా ఎత్తి పట్టుకుంటే, రెండు కళ్ళతో నన్ను చూసేదానివి. డాక్టరుగారు కుడికన్నుతో అంతా కనిపిస్తుందిలే అన్నారు. అయినా నువ్వు ఒప్పుకోలేదు. నన్ను చూడాలంటే నీకు రెండు కళ్ళూ కావాల్సొచ్చేవి.

మర్నాడు స్టూడియోకి వెళ్ళి గీకుడు బద్ద పట్టుకునేవాణ్ణి. డిజైనరమ్మ గీసిన లైటు బాగా విప్పారిన కన్ను. నాకెందుకో దానిమీద మనసు నిలిచేది కాదు. పై అంచు కాస్త దించాను. ఇంకాస్త దించాను. దించిన కొద్దీ ఇది నాకు తెలిసిన మొహమే అనిపించేది. చాలా ఏళ్ళ పని కదా, చెయ్యి దారిలో పడిందిలే అనుకున్నాను. ఎంత తెలివి చూడు నాది!

మా దగ్గర టేపు పద్ధతి నీకు తెలుసు కదా. బొమ్మ పూర్తయ్యాక స్టూడియోలో ఉన్నవాళ్ళందరూ దాని చుట్టూ తిరుగుతారు. ఎవరికి ఎక్కడ నచ్చకపోతే అక్కడ నల్లటేపు ముక్క అంటిస్తారు. ఎందుకని అడక్కూడదు, ఏమీ అనుకోకూడదు. ఊడ్చే ఆయనకి కూడా ఆ హక్కుంది. నేను చేసిన కార్లన్నీ ఒకసారైనా ఒళ్ళంతా నల్లటేపులతో నిలబడ్డవే. అలా పడితేనే కారు బాగుపడుతుంది.

దీనికి ఒక్క టేపు పడలేదు. అందరూ వచ్చారు, చుట్టూ తిరిగారు, ముందుకొచ్చి నిలబడ్డారు. నోరెత్తినవాడు లేడు. డిజైనరమ్మయితే టేపు చుట్ట చేతిలో పట్టుకుని, కాసేపు అలాగే నిలబడి, మళ్ళీ జేబులో పెట్టేసుకుంది. మా పెద్దాయన, స్టూడియో అంతా ఆయన చేతికిందే కదా, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేనేమో ఆ నిశ్శబ్దం చూసి ఉబ్బిపోయాను! హాస్పిటల్‌కి పరిగెత్తుకొచ్చి నీ చెయ్యి పట్టుకుని చెప్పాను కూడా. "ఒక్క టేపు పడలేదోయ్, ఒక్కటంటే ఒక్కటి!" అని. నువ్వు నవ్వావు. నోరు కదల్లేదు, ఎడమకన్ను కదల్లేదు. ఆ కుడికన్ను ఒక్కటే నవ్వింది.

అదే చివరి నవ్వు. ఆ తర్వాత నీకు నేనూ తెలియలేదు.

మొన్న తెర తీసి కారుని లోకానికి చూపించారు. తీసీ తీయగానే వెక్కిరింతలు మొదలు! పైనున్నవాళ్ళు ఒకటే గోల, ఈ కళ్ళు ఎవరు పెట్టారని. ఊళ్ళోవాళ్ళు డిజైనరమ్మని నోటికొచ్చినట్టు తిట్టిపోస్తున్నారు. పాపం ఆ పిల్ల, నేను గీసింది ఇది కాదండీ అని ఒక్కచోట, ఒక్కచోటైనా అనలేదు. నాకు ఒళ్ళు మండి పెద్దాయన గదిలోకి వెళ్ళి అడిగేశాను. "ఇంతమంది ఉన్నారు కదా, ఒక్కళ్ళకైనా చెయ్యి రాలేదా? టేపు ఎందుకు పెట్టుకున్నట్టు మన దగ్గర? నన్ను ఇలా నలుగురిలో నవ్వులపాలు చేద్దామనా?"

ఆయన లేచి తలుపు మూశాడు.

"మేమందరం హాస్పిటల్‌కి వచ్చాం కదరా. ఆవిణ్ణి చూశాం కదా. ఆవిడ కంటి మీద టేపు ఎలా వేస్తాంరా?" అన్నాడు.

నాకు మొదట ఎక్కలేదు. ఏ కన్ను, ఎవరి కన్ను అన్నాను. ఆయన నావైపు చూడలేక కిటికీ వైపు తిరిగిపోయాడు. అప్పుడెక్కింది.

స్టూడియోలోకి వెళ్ళి మట్టి బొమ్మ మీద కప్పిన గుడ్డ లాగాను. నువ్వే. అక్కడ ఉన్నది నువ్వేనోయ్. నేనొక్కణ్ణే పోల్చుకోలేదు, ఊడ్చే ఆయన కూడా పోల్చుకున్నాడు! ఎందుకో తెలుసా? నేను ఎడమకన్ను చేశాను. మెషీన్ దాన్నే చూసి కుడికన్ను చేసేసింది. రెండూ వాలిపోయాయి. నీ కుడికన్ను అందులో లేదు. ఆ నవ్వే కన్ను ఉండి ఉంటే నేను పోల్చుకోనా? చెప్పు, పోల్చుకోనా?

అంటే ఇన్నాళ్ళూ లోకమంతా పడి పడి నవ్వుతున్నది నిన్ను చూసి. మంచంలో ఉన్న నిన్ను. మాట లేని నిన్ను. నేనే తీసుకెళ్ళి నలుగురిలో నిలబెట్టాను, పెద్ద పెద్ద దీపాలు వేసి మరీ.

మొహం మార్చమని పైనుంచి ఆర్డరొచ్చింది. అమ్మకాలు మొదలయ్యేలోపు కళ్ళు విప్పాలి. డిజైనరమ్మ నా దగ్గరికొచ్చి, "బాబాయ్, మీరు సెలవు పెట్టండి, ఇంకెవరైనా చేస్తారు," అంది. వద్దమ్మా అన్నాను. ఇంకొకడెవడో బద్ద పట్టుకుని నీ కంటి దగ్గరికి వెళ్తే నేను చూడగలనా? ఇంట్లో కూర్చున్నా చూసినట్టే కదా.

ఇవాళ నేనే చేశాను.

బద్ద ఆనించబోతే చెయ్యి ఆడలేదు. బద్ద పక్కన పెట్టేశాను. మట్టి వెచ్చబెట్టి, బొటనవేలు రెప్ప కింద పెట్టి మెల్లిగా ఎత్తాను. నీకు ఎత్తినట్టే. లేచింది. సులువుగా లేచింది. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను, పిచ్చివాడిలా. రెప్ప లేవగానే నువ్వు నన్ను చూసేదానివి కదా, ఆ అలవాటు. అదెక్కడ చూస్తుంది? కన్ను తెరుచుకుంది, ఎదురుగా ఎవరూ లేనట్టే ఉంది.

మిగతాది గబగబా గీకేశాను. ఆ పెచ్చులు కూడా ఊడ్చి మళ్ళీ ఓవెన్లోనే పడేశారు. మట్టి వృథా చెయ్యం మేము.

సాయంత్రానికి మెషీన్ రెండో కన్ను చెక్కేసింది. అందరూ వచ్చి చుట్టూ తిరిగారు. బాగుంది బాగుంది అన్నారు. అని ఊరుకున్నారా? టేపులు తీశారు. డిజైనరమ్మ లైటు కింద ఒకటి వేసింది. పెద్దాయన రెండు వేశాడు. ఊడ్చే ఆయన కూడా బంపరు దగ్గర ఓ ముక్క అంటించి, తల వంచి చూసి, సరిచేసి మరీ వెళ్ళాడు. ఎవరూ వెనకాడలేదు.

వెయ్యరా మరి? కారే కదా. ఉత్త కారు.

ఇదిగో, చూడు. గోళ్ళలో ఇంకా ఉంది. చేతులు కడుక్కోలేదు నేను. స్టూలు మీంచి లేచి నీ కుర్చీలో కూర్చుంటున్నాను, ఈ మట్టి చేతులు నీ ఎర్ర తోలు మీదే పెడుతున్నాను.

తిట్టవేం?