పొద్దన ఏడింటికి లేవని పెట్టె

మళ్లా లేవలా నాయనా. ఈ పొద్దు కూడా లేవలా. చూడు, టీవీ కింద ఎట్టా కూర్చోనుండాదో, నల్లగా, ఏమీ తెలీనట్టు!

ఫోటోలో నుంచి చూస్తానే ఉండావు గదా, దీని మూత నేను ఎన్నిసార్లు ఊడదీసినానో. స్క్రూల తలకాయలు అరిగిపొయినాయి. అమ్మ నీళ్లకు పొయింది. ఆమె వచ్చేలోపల నీకొక మాట చెప్పాల. చెప్తాలే, ఉండు. నువ్వు పొయినాకనే నీతో మాట్లాడేది సులువుగా ఉండాది నాకు. బతికుండంగా ఎప్పుడన్నా మాట్లాడుకున్నామా మనం? పడవలో నువ్వా కొస, నేనీ కొస.

ఈ పెట్టె నీకు తెలీదులే, నీ తర్వాత వచ్చింది. శ్రీహరికోటలో పనిచేసే నరేంద్రబాబు సారు ఇల్లు ఖాళీ చేస్తా ఉంటే సామాను లారీకెక్కించేదానికి పొయినా. టీవీకి తగిలించుకునే కంప్యూటరు ఇది. సినిమాలు చూసుకోవచ్చు, కేబుల్లో వచ్చేది పట్టి దాచుకోవచ్చు. "పాతదైపోయింది పెంచల్, తీసుకుపోతావా?" అన్నాడు. నేను ఊఁ అనేలోపలే చేతుల్లో పెట్టేసినాడు.

ఎందుకు తెచ్చినానంటావా? నీకోసమే.

కేబులోళ్లు కెమెరా తీసుకోని రేవు కాడికి వచ్చినారంట గదా, పులికాటు సరస్సులో వలేసేవోళ్లను మాట్లాడిద్దామని. నువ్వు మాట్లాడినావంట గదా! మాకు ఒక్క ముక్కన్నా చెప్పినావా? నీ దినాలకు వచ్చి నీ జతగాడు మస్తానయ్య చెప్పినాడు. "మీ నాయన నవ్వతా నవ్వతా మాట్లాడినాడబ్బా! ఆయన నోట్లో అన్ని మాటలుండాయని నాకే తెలీదు" అని.

అది ఇన్నాక అమ్మకు ఇంక నిద్రేడది? ఇంట్లో నీది ఈ ఒక్క ఫోటోనే గదా, అదీ రేషన్ కార్డుకు దిగింది, ఎవురో కొట్టబోతా ఉన్నట్టు బిగుసుకోని. ఎవురన్నా ఫోను ఎత్తితే మొహం తిప్పుకునేటోడివి. "ఆయన కదిలేది ఒక్కసారి చూస్తే చాల్రా పెంచలా, గొంతు ఒక్కసారి ఇంటే చాలు" అంటది.

కేబులాఫీసుకు పొయినా. లోపలికి పోలేక గడప కాడ నిలబడుంటే వాళ్లే పిలిచి అడిగినారు. ఫోన్లో పెట్టేది లేదంట, పెన్‌డ్రైవులో ఇచ్చేది లేదంట. తీసినోడు పని మానేసినాడంట. "ఈ నెల్లో ఏదో ఒక రోజు పొద్దన ఏడింటికి వేస్తాం, చూసుకో" అన్నారు. ఒక్కసారే వేస్తారంట. ఏ రోజంటే మాత్రం వాళ్లకే తెలీదు.

పొద్దన ఏడింటికి మన జాలరోళ్ల కుప్పంలో ఇంట్లో ఎవురుంటారు నాయనా? నేను నీళ్లలో. అమ్మ రేవు కాడ, చేపలు గంపకెత్తుకునే టైము. ఒక పూట మానుకోవచ్చు. నెలంతా మానుకుంటే తినేదేంది?

అందుకని దీన్ని పెట్టినా. సారు ఫోన్లో చెప్తా ఉంటే ఒక్కొక్కటే నొక్కినా. రాత్రి నిద్రపోతదంట. ఏడయ్యేలోపల దానంతటదే లేచి, చానల్ తిప్పుకోని, రికార్డు చేసి, మళ్లా పడుకుంటదంట. మనిషికంటే నయం గదా అనుకున్నా.

ఏం నయం! ఇంటికొచ్చి చూస్తే ఏమీ లేదు. మర్నాడు చూస్తే ఏమీ లేదు. సారునడిగితే, "టైముకు నిద్రలేవనిచ్చేదానికి ఒకచోట టిక్కు పెట్టాల" అన్నాడు. పెట్టినా. లేవలా. సూళ్లూరుపేటలో సెల్లు అంగడి జడ్సన్ అన్నను బతిమాలి పిలుచుకొచ్చినా. ఆయన లోపల్నుంచి చొక్కా గుండీ అంత బ్యాటరీ తీసి చూపించినాడు. ఉప్పుగాలికి పచ్చగా చిలుం పట్టిపొయుండాది. "దీని గడియారం నడిచేది దీంతోనే రా. ఇది చస్తే దానికి తెల్లారిందో లేదో ఏం తెలుస్తది?" అన్నాడు. కొత్తది వేసినాడు. సాయంత్రం ఎదురుగా కూర్చోని చూసినాం. టక్కన లేచింది! అమ్మ చప్పట్లు కొట్టింది. "చూసినావా అత్తా, మీవోడికంటే ముందే లేస్తది" అని జడ్సన్ అన్న ఎగతాళి.

పొద్దన లేవలా.

సాయంత్రం పెడితే లేస్తది, మధ్యాన్నం పెడితే లేస్తది. మనం లేనప్పుడు మాత్రం లేవదు. సారు విసుక్కోని ఫోను ఎత్తేది మానేసినాడు. పడవలో వల లాగేదీ ఈ చేతులే, ఇంటికొచ్చి స్క్రూలు తిప్పేదీ ఈ చేతులే. ఒక రోజు అన్నం కలుపుతా కలుపుతానే నిద్రపొయినా.

మొన్న తెలిసింది నాయనా, ఎందుకు లేవడంలేదో.

మంచినీళ్ల క్యాను మర్చిపొయి రేవు కాడ్నించి వెనక్కొచ్చినా. అమ్మ గంప చంకన పెట్టుకోని గోడ కాడ నిలబడుండాది. స్విచ్చులు ఒక్కొక్కటే ఆపతా ఉండాది. ఫ్యానుది. లైటుది. ఈ పెట్టెది. అన్నీ ఆపేసి, ఒకసారి చేత్తో తడిమి చూసుకోని, తలుపేసుకోని పొయింది.

నువ్వు పెట్టిన రూలే గదా! ఇంట్లో ఎవురూ లేనప్పుడు కామమ్మోళ్ల టీవీ అంటుకోని ఇల్లు కాలిపొయిన కాడ్నించి, నీళ్లలోకి పొయ్యేముందు ఇంట్లో ఏదీ వెలగగూడదన్నావు. ఒకసారి మర్చిపొయినందుకు ఆమెను ఎంత అరిచినావు! నువ్వు లేకపొయినా ఆమె నీ మాట తప్పలా. మధ్యాన్నం నాకంటే ముందొచ్చి మళ్లా అన్నీ వేసేస్తది. ఇంక నాకెట్టా తెలుస్తది? నిద్రపోయేదానిక్కూడా కొంచెం కరెంటు కావాలంట నాయనా.

అమ్మకు చెప్పొచ్చు గదా అంటావా? "ఆ ఒక్క స్విచ్చు వదిలెయ్యి" అంటే పోలా అంటావా?

ఏం లాభం. వచ్చేసింది నాయనా. వేసేసినారు. జడ్సన్ అన్న బ్యాటరీ మార్చినాడే, ఆ మర్నాడే.

నాకెట్టా తెలుసంటే... నేను చూసినా.

ఆ పొద్దు గాలి ఎక్కువై పడవలు తొందరగా వెనక్కి తిరుక్కున్నాయి. ఐసు కోసం రోడ్డు మీదికి పొయినా. ధనలక్ష్మక్క టీ అంగట్లో టీవీ ఆడతా ఉండాది. తలెత్తితే నువ్వు! తువ్వాల చుట్టుకోని, వల భుజాన వేసుకోని. నవ్వతా ఉండావు. చెయ్యి ఊపతా ఏందో చెప్తా ఉండావు. సౌండు లేదు. ఎవురో ఫోను మాట్లాడుకుంటా ఉండారని తగ్గించేసినారు. నా ఫోనేమో పడవలో ఉండాది, కవరు చుట్టి.

అమ్మకు ఇంకా వెయ్యలేదనే చెప్తా ఉండా. మిషనే బాగలేదని ఆమె ఎదురుగానే మూత ఊడదీస్తా ఉండా, మళ్లా బిగిస్తా ఉండా. నిన్ను ఆపేసింది తన చెయ్యేనని తెలిస్తే ఆ చెయ్యి నరుక్కుంటది.

కానీ ఆమె చెయ్యి ఒక్కటేనా?

రిమోటు ధనలక్ష్మక్క పక్కనే ఉండాది నాయనా. "అక్కా, కొంచెం సౌండు పెట్టక్కా, మా నాయన" అనాల. అంతే గదా. అంగడి నిండా జనం. అందరూ నా పక్కకు తిరుగుతారని... అడగలా. ఇంట్లో పెట్టె పట్టుకుంటా ఉంటదిలే అనుకున్నా. అదీ సాకే. టీ గ్లాసు పట్టుకోని అట్టానే నిలబడిపొయినా. నువ్వు చెప్పాల్సింది చెప్పేసి, అటు తిరిగి నడిచిపొయినావు. చీరలంగడి యాడ్ వచ్చింది.

అమ్మతో ఏమని చెప్పేది? చూసినానమ్మా, నవ్వినాడమ్మా, ఏం చెప్పినాడో మాత్రం నన్నడగబాక అనా?