పెద్దామె దాచిన ముక్క

ఇరాకోళ్లు కువైట్‌లో దిగినాక, కడప పనిమనుషులు కొందరు పిల్లలతో జహ్రా ఊళ్లో ఒక గదిలో తలదాచుకున్నారు. తొలినాటి క్రైస్తవ విశ్వాసుల మాదిరి, ఉన్నదంతా ఒకచోట పెట్టి పంచుకుంటున్నారు. శుక్రవారం ఆరాధన ముగిసినా, వాళ్లలో చిన్నామె తన ట్రంకుపెట్టె మీది నుంచి లేవలేదు. పెద్దామె వచ్చి పక్కన కూర్చుంది.

"ప్రభువు రొట్టె ఎందుకు తీసుకోల్యా?"

"తీసుకునే మొగం ల్యాదక్కా."

"ఏమైంది మే?"

"పనిచేసే ఇంటామె పారిపోతా నాకిచ్చిన ఖుబ్బూస్ రొట్టెలు అందరి ముందర పెట్టల్యా. ఈ పెట్టెలో దాచినా. మీరు కండ్లు మూసుకొని ప్రార్థన చేసేటప్పుడు తింటాండా."

"పిల్లోళ్లు ఆకలికి ఏడుస్తాంటే కూడానా?"

"ఊఁ. సచ్చినా మళ్లా లేస్తామని అందరికంటే గట్టిగా పాడేది నేనే. రేపటి కూటికి మాత్రం ఆయన్ని నమ్మల్యాకపోయినా."



"అందుకేనా, కూడు పెడితే వద్దంటాంటివి?"

"కడుపు నిండి ఉండేది."

"నేనింకోటి అనుకున్నా మే. నీ వంతు పిల్లోళ్లకు ఇడుస్తాండావని."

పెద్దామె కొంగు ముడి విప్పి, ఒక రొట్టెముక్క తీసి చిన్నామె ఒళ్లో పెట్టింది.

"పస్తుండావు గదా అని, నా వంతు ముక్క నీకు దాచిపెట్టినా."