ప్రేమ్‌కుమార్ సార్ బదులు తీర్చాలి

అందరికీ దండం.

ఈ మైదానంలో మనం ఎప్పుడు కలిసినా జెండా కోసమో, ఆటల కోసమో కలిశాం. ఇవాళ ఇలా కలవాల్సి వస్తుందని మనలో ఎవరూ అనుకోలేదు. సూర్యాపేట నుంచి, కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి బస్సులు మారి వచ్చిన ఉపాధ్యాయ మిత్రులారా, నాట్లు ఆపుకుని వచ్చిన తల్లులారా, పొద్దున్నుంచి ఒక్క అల్లరి చేయకుండా కూర్చున్న పిల్లలారా, మీ అందరికీ ఈ బడి తరఫున చేతులు జోడిస్తున్నాను. ముందు వరుసలో కూర్చున్న లక్ష్మీబాయమ్మా, శోభమ్మా, మీలో ఒకరికి కొడుకు పోయాడు, ఒకరికి భర్త పోయాడు. మా బడిలో ఎవరు పోయారు? సైన్సు సార్ పోయాడు అంటే సరిపోతుందా? సరిపోదు. అందుకే ఈ సభ పెట్టుకున్నాం.

నా పేరు అబ్రహాం. ఈ బడిలో లెక్కలు చెబుతాను. ధరావత్ ప్రేమ్‌కుమార్ సార్ పక్క కుర్చీ నాది. ఏడవడం నాకు రాదని చెప్పను. ఈ వారమంతా నేను చేసిన పని అదే. కానీ ఈ మైకు ముందుకు ఏడవడానికి రాలేదు. ఒక మాట తేల్చుకోవడానికి వచ్చాను.

పోయిన వారం గుండెపోటుతో సార్ కన్నుమూసిన మర్నాటి నుంచి ఊళ్లో ఒక మాట తిరుగుతోంది. "సార్ పోయిండు, ఇగ ఆ కెన్యా ప్రాజెక్టు ఖతం." చాయ్ హోటల్ దగ్గర విన్నాను. ఆటోలో విన్నాను. మా స్టాఫ్ రూములో కూడా విన్నాను, అక్కడ కొంచెం మంచి తెలుగులో విన్నాను. నిజంగా ఖతమేనా? వచ్చే శుక్రవారం సాయంత్రం కెన్యా పిల్లలు తెర ముందు కూర్చుని మన పిల్లల కోసం చూస్తుంటారు. మన పిల్లలు ఇటువైపు ఉంటారా, ఉండరా? ఈ సభ ముగిసేలోపు అది తేలాలి.

దూరం నుంచి వచ్చినవారి కోసం ఆ ప్రాజెక్టు ఏమిటో చెబుతాను. కెన్యాలో వరి పండించే ఒక ఊళ్లో మనలాంటిదే ఒక హైస్కూలు ఉంది. వాళ్ల తొమ్మిదో తరగతి, మన తొమ్మిదో తరగతి కలిసి, తక్కువ నీళ్లతో వరి ఎలా పండుతుందో చూస్తున్నాయి. పిల్లలు మడిలో నీళ్లు కొలుస్తారు. కంప్యూటర్‌లో పట్టిక వేస్తారు, గ్రాఫ్ గీస్తారు. నెలకోసారి వీడియోలో కూర్చుని, మీ లెక్క అలా ఎందుకు వచ్చింది, మా లెక్క ఇలా ఎందుకు వచ్చింది అని ఇంగ్లీషులో వాదించుకుంటారు. దీనికి అద్దాల గదులు అక్కర్లేదని నిరూపించిన మనిషి ప్రేమ్‌కుమార్ సార్. ఒక పాత ప్రొజెక్టరు, ఆయన ఫోన్‌లోని ఇంటర్నెట్, బోలెడంత మొండితనం. మన సరంజామా ఇంతే.

ఆయన పుట్టింది దామరచర్ల దగ్గరి తండాలో. ఇంట్లో లంబాడీ, బజారులో తెలుగు. ఇంగ్లీషు మాట్లాడమంటే తలలు వంచుకునే తండా పిల్లలతో ఆయన ఒకటే అనేవాడు. "బడికి రాకముందే నీకు రెండు భాషలొచ్చినయ్. ఎవడు నేర్పిండు? మూడోదానికి ఎందుకు పరేషానైతున్నవ్?" ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా ఏ పిల్లవాడూ జవాబు చెప్పలేకపోయాడు. చెప్పలేక, ఇంగ్లీషు నేర్చుకున్నారు.

మొదటి వీడియో రోజు నాకు బాగా గుర్తుంది. పెద్దవాళ్లు కనిపిస్తే లేచి నిలబడాలని మనమే కదా పిల్లలకు నేర్పాం? తెర మీద ఆ దేశపు టీచరమ్మ కనబడగానే తరగతి తరగతంతా లేచి "గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడం" అని రాగం తీసింది. కెమెరా బల్ల మీద ఉంది. పాపం ఆమెకు కనిపించినవి చొక్కా గుండీలు, బెల్టులు. కూర్చోమంది, కూర్చున్నారు. ఇంకో సారు వచ్చాడు, మళ్లీ లేచారు. వాళ్ల ప్రిన్సిపాల్ వచ్చాడు, ఇంకోసారి లేచారు. ఆ పూట ప్రాజెక్టు పేరుతో మన పిల్లలు చేసింది గుంజీళ్లు.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. సార్ కూడా నవ్వాడు. తర్వాత పిల్లలతో అన్నాడు. "మర్యాద మనసుల ఉండనియ్యిండ్రి. మాట్లాడేటప్పుడు కూసోని, మొకం సూసి మాట్లాడుండ్రి. వాళ్లు మీకన్న ఎక్కువ గాదు, తక్కువ గాదు." ఆ రోజు నుంచి ఆయన తరగతిలో ఎవరు వచ్చినా పిల్లలు లేవలేదు. తనిఖీకి వచ్చిన అధికారికి కూడా లేవలేదు. ఆ అధికారి ముఖం చూసి, ఇక మా పని అయిపోయిందనుకున్నాను. సార్ ఆయనకు పిల్లల మధ్యలో ఒక కుర్చీ వేశాడు. కాసేపటికి మన సుమన్ ఆయన్ని కాలువ నీళ్ల గురించి ఏదో అడిగాడు. ఆయన జవాబు చెప్పడంలో పడి, వచ్చిన పని మర్చిపోయాడు.

ఇంకో సంగతి. ఇది చెబితే పిల్లలు నన్ను కోప్పడతారు, అయినా చెబుతాను. ఒక నెల, మీ బడిని మాకు చూపించండి అని కెన్యా పిల్లలు అడిగారు. మనవాళ్లు ఒక ఫొటో పంపారు. మూడంతస్తులు, కొత్త రంగులు, గేటు ముందు పూలకుండీలు. అది మన బడి కాదు. కోదాడలో ఏదో ప్రైవేటు స్కూలు. సుమన్ వాళ్ల పెద్దమ్మ ఇంటికి పోయినప్పుడు ఆ ఫొటో తీసుకొచ్చాడు. తరగతి అంతా ఒక్కమాట మీద ఉంది, ఒక్కరి నోరూ జారలేదు. వీడియోలో అవతలి పిల్ల అడిగింది, మీ బడిలో లిఫ్టు ఉందా అని. ఉంది అన్నారు మనవాళ్లు. లిఫ్టు అనే మాట విని సార్ తల తిప్పి చూశాడు.

కొట్టాడా? లేదు. అరిచాడా? లేదు. "బడి సంగతే అబద్ధం చెప్పినోళ్ల నీళ్ల లెక్క ఎవడు నమ్ముతడు?" అన్నాడు, అంతే. మరుసటి నెల పిల్లలే ఫోన్ పట్టుకుని బడంతా తిప్పి చూపించారు. చెమ్మ పట్టిన గోడ, తాడుతో కట్టిన నల్లా, తలుపు లేని గది, ఏదీ వదల్లేదు. ఆ ఫొటో మాది కాదు, సిగ్గేసి పంపాం అని చెప్పారు. అప్పుడు అటువైపు ఒక పిల్లవాడు వాళ్ల కెమెరాను పక్కకు తిప్పాడు. వాళ్ల తరగతి గదిలో సగం దాకా వడ్ల బస్తాలు. అవి కనబడకుండా ఇన్ని నెలలూ వాళ్లు కెమెరాను ఒక మూలకు పెట్టుకున్నారు. రెండు దేశాలూ కలిసి ఎంత నవ్వాయో ఆ రోజు చూడాలి.

ఆ తర్వాత మన పట్టికలో దొంగలెక్క లేదు. కొలవడం మర్చిపోయిన రోజు 'కొలవలేదు' అనే రాశారు. నేను సున్నా గురించి ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. కొలవకపోవడం వేరు, సున్నా రావడం వేరు అని ఈ పిల్లలకు అర్థమైంది మాత్రం ఆయన దగ్గర. నైపుణ్యాలు, నైపుణ్యాలు అని మీటింగుల్లో అందరం అంటాం. కంప్యూటర్ నైపుణ్యమే, ఇంగ్లీషు నైపుణ్యమే. ఉన్నది ఉన్నట్టు చెప్పడం వాటికంటే కష్టమైన నైపుణ్యం కాదా?

ఇక నేను చెప్పాలని వచ్చిన సంగతి.

మన దిక్కు నాట్లలో బదులు చేసుకోవడం మీ అందరికీ తెలిసిందే. ఇవాళ మీ మడిలో మేం, రేపు మా మడిలో మీరు. కూలి లేదు, కాగితం లేదు, మాటే. పోయిన వానాకాలం మన ఊరి చంద్రమ్మ ఇంట్లో ఒక మనిషి తక్కువ పడింది. బదులుకు పోవాల్సిందే, లేకపోతే వాళ్ల మడికి ఎవరూ రారు. కూతురు అఖిలను ఆ రోజు బడి మాన్పించి తీసుకుపోయింది. ఆ సాయంత్రమే వీడియోలో మన తరఫున మాట్లాడాల్సింది అఖిల.

సార్ మడి దగ్గరికి పోయాడు. చంద్రమ్మ తప్పేమీ అనలేదు. "నువ్వు సదువు చెప్తవ్ సార్. మరి నాటెవరేస్తరు?" అంది. సార్ ఒక పూట సెలవు రాసి పంపి, ప్యాంటు పైకి మడిచి బురదలోకి దిగాడు. "అఖిల వంతు నాది. పిల్లను బడికి తోలు" అన్నాడు.

ఆ సాయంత్రం వీడియో నడిపింది నేను. నడిపానంటే, ఏ మీట నొక్కాలో పిల్లలు చెబితే నొక్కాను. అఖిల కాళ్లకు ఇంకా మట్టి ఉంది. నీళ్ల లెక్కలన్నీ చెప్పి, చివర్లో ఒక ప్రశ్న అడిగింది. మీ దగ్గర నాట్లకు ఆడపిల్లలు బడి మానేస్తారా అని. అవతలి నుంచి ఒక అమ్మాయి, అవును, నేనే మానేశాను అంది. ఆ నెల నుంచి రెండు బడుల పట్టికలో ఒక గడి పెరిగింది. నాట్ల వల్ల ఎవరు ఎన్ని పూటలు బడికి రాలేదు అని.

మిత్రులారా, తన శిష్యురాలు మాట్లాడిన అంత గొప్ప మాటను సార్ వినలేదు. ఆ సమయానికి ఆయన ఆ పిల్ల చోట బురదలో నడుం వంచి ఉన్నాడు. చంద్రమ్మ ఇప్పటికీ అంటుంది, "సార్ ఏసిన నాటు వంకర, మనిషి మాత్రం సక్కన" అని.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ప్రాజెక్టు ఖతమా? లెక్కలు, గ్రాఫులు నేను చూసుకుంటాను. ఇంగ్లీషు మేడం ముందుకు వచ్చారు. పిల్లలకు పని వచ్చు, మాకే వాళ్లు నేర్పుతున్నారు. అడ్డం ఒకటే. వీడియో బడి విడిచాక నడుస్తుంది. ఇన్నాళ్లూ అమ్మాయిలు ఇళ్లు చేరేదాకా ఆటో వెనక సార్ బండి వేసుకుని పోయేవాడు. ఇప్పుడు ఎవరు పోతారు అని తల్లులు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న.

ఇవాళ పొద్దున చంద్రమ్మ బడికి వచ్చింది. ఆమె అన్న మాట అన్నట్టే చెబుతాను. "సార్ మా మడిల బదులు జేసిండు. నేను తిరిగి జెయ్యకముందే పాయె. బదులు ఉంచుకునుడు మా ఇంట లేదు సార్. శుక్కురారం నేనొచ్చి బడిల కూసుంట. అయిపోయినంక పిల్లలందర్ని ఇండ్ల కాడ నేనే దిగబెడ్త." ఆమె వెనక ఆమె నాటు జట్టు మొత్తం నిలబడి ఉంది. నెలకు ఒకరు చొప్పున వంతులు కూడా వేసుకుని వచ్చారు.

ఖతం అన్న పెద్దమనుషులు శుక్రవారం సాయంత్రం బడికి రండి. కుర్చీ వేస్తాం. పిల్లలు మిమ్మల్ని కూడా ఏదో ఒకటి అడుగుతారు, కాస్త సిద్ధపడి రండి.

లక్ష్మీబాయమ్మా, మీ కొడుకు అమ్మా అనేవాడు కాదు, మీ తండా భాషలో యాడీ అని పిలిచేవాడు. ఆ పిలుపు మేం తెచ్చి ఇవ్వలేం. ఆయన మొదలుపెట్టిన పని మాత్రం ఆగదు. ఈ మాట నేను ధైర్యం చెప్పడానికి అనడం లేదు. తేలింది కాబట్టి అంటున్నాను.

చివరగా ఒక ఇబ్బంది. సంతాప సభలో అందరినీ లేచి నిలబడమని అడగాలి. ఎవరు వచ్చినా లేవకండి, కూర్చుని ముఖం చూసి మాట్లాడండి అని నేర్పిన మనిషి కోసం మిమ్మల్ని లేవమంటున్నాను. ఆయనే ఉంటే నన్ను కోప్పడేవాడు. పిల్లలూ, శుక్రవారం మీరు కూర్చునే మాట్లాడాలి. ఇవాళ ఈ ఒక్కసారికి సార్ మాట తప్పుదాం.

లేవండి. రెండు నిమిషాలు ఎవరం ఏమీ మాట్లాడకుండా, ఆయన కోసం నిలబడదాం.