సంతకం పెట్టేముందు రెండో పేజీ చదివావా, తల్లీ?

కూర్చో. కూర్చోమన్నానుగా, నిలబడితే తప్పు సగమైపోదు. మూడింటికి క్రమశిక్షణ కమిటీ వాళ్ళు పిలుస్తారు, ఇంకా నలభై నిమిషాలుంది. ఈలోపు నా నోట నాలుగు పడితే, అక్కడ వాళ్ళు అనేవి నీకు మెత్తగా తగుల్తాయి.

పన్నెండేళ్ళుగా ఈ లాబ్‌లో పాఠం చెప్తున్నానమ్మా. పెనిట్రేషన్ టెస్టింగ్ అంటే ఏంటి? యజమానిని అడిగి, దొంగలా కంప్యూటర్లోకి దూరి, ఎక్కడ కన్నం ఉందో యజమానికే రాసివ్వడం. అంతేగా? మీరేమో నల్ల స్క్రీను మీద పచ్చ అక్షరాలు పరిగెత్తితే చాలనుకుని వచ్చేస్తారు. వీడియోలో ఎవడో కొట్టిన కమాండు తెచ్చి అంటిస్తారు. అది ఏం చేస్తుందని అడిగితే బెల్లం కొట్టిన రాళ్ళు. పని చేస్తే మీ గొప్ప, చెయ్యకపోతే లాబ్ మంచిది కాదు. ఆడలేక మద్దెల ఓడు అన్నారు ఊరికే కాదు.

వెనక బెంచీ మహానుభావుడు తన పాస్‌వర్డు తనే మర్చిపోయి, దాన్ని పగలగొడతానని రెండ్రోజులు కూర్చున్నాడు. పగల్లేదు. కిటికీ పక్క పిల్ల పక్కవాడి రిపోర్టు కాపీ కొట్టి, అందులో వాడి పేరు కూడా తీసెయ్యకుండా నా చేతిలో పెట్టింది. వీళ్ళ మీద నాకు ఆశ లేదు కాబట్టి కోపమూ లేదు.

నీకేం రోగం? ముప్పై ఒకటో ఏట, కొరియర్ ఆఫీసు కౌంటర్లో ఎనిమిదేళ్ళ ఉద్యోగం మానేసి, కూతుర్ని మీ అక్కకి అప్పజెప్పి వచ్చినదానివి. కాస్త నిదానం ఉంటుందనుకున్నాను. నా తెలివి అలా తగలడింది.

ఈ వారం అందరికీ ఒకటే పని ఇచ్చానా లేదా? కావాలనే తాళాలు వదులుగా పెట్టి, మీకోసం కట్టేసి ఉంచిన మెషీను. బలిమేక అని పేరు కూడా మీరే పెట్టుకున్నారు. దాని నంబరు బోర్డు మీద గుమ్మడికాయంత అక్షరాల్లో రాశాను, అరవై అని. పందొమ్మిది మంది బుద్ధిగా అరవై మీద పడ్డారు. నువ్వొక్కదానివి వెళ్ళి పద్నాలుగు తలుపు తట్టావు.

పద్నాలుగు ఎవరిదో తెలుసా? పరీక్షల విభాగం వాళ్ళది. వాళ్ళ గదిలో నెట్‌వర్కు పెట్టె కాలిపోతే, రెండు వారాలకే కదా మేడం అని సెలవుల్లో వచ్చి మన లాబ్ వైరుకి తగిలించుకున్నారు. సరేనన్నాను. అనకూడదు, లాబ్‌లోకి బయటి వైరు రాకూడదు, తెలుసు. మొహమాటం. పద్నాలుగు నంబరు అప్పట్లో మన బలిమేకదే. అదే వాళ్ళకిచ్చేసి, మేకని అరవైకి జరిపాను.

హాల్ టికెట్లు అచ్చయ్యే మెషీను అది. పదకొండింటికి నువ్వు తట్టావు, అది పడుకుంది. కింద నూటయాభై మంది వరుసలో నిలబడిపోయారు. పరీక్షల అధికారి మూడంతస్తులు ఎక్కి వచ్చాడు. ఆ మనిషికి మోకాళ్ళున్నాయని నాకు ఈరోజే తెలిసింది.

పోనీ, అది పడుకోగానే నాకు చెప్పాలని తెలీదా? ఏదైనా ఆగిపోతే చేతులు కీబోర్డు మీంచి తీసి ఫోన్ చెయ్యండి అని మొదటి రోజే చెప్పానే. కొరియర్ ఆఫీసులో పార్సిల్ పగిలితే ఇలాగే దాచేదానివా?

ఏంటి?

చేశావా? ఎప్పుడు? ఏదీ, చూపించు.

పదకొండూ రెండు. పదకొండూ మూడు. పదకొండూ ఏడు.

ఊఁ. చూశాను. చూసే పక్కన పెట్టాను. నీ పేరు కనపడితే మళ్ళీ ఏదో సందేహం అనుకున్నా. రోజుకి ఆరు సందేహాలు నీకు. చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు లోకువ అంటారు గానీ, నీ దగ్గర చెప్పేవాళ్ళే లోకువ. సరే, ఫోన్ సంగతి వదిలెయ్. ఫోన్ ఎత్తనంత మాత్రాన పరాయి గుమ్మంలోకి వెళ్ళడం ఒప్పయిపోదు.

ఇప్పుడేం జరుగుతుందో విను. రిజిస్టర్లో నీ పేరు కొట్టేస్తారు. కొట్టేశాక ఈ పనిలో నిన్నెవరూ గుమ్మం ఎక్కనివ్వరు. తాళాలు బాగుచేసేవాడి మీద ఒక్కసారి దొంగ అని పడితే, వాడి చేతికి మళ్ళీ ఎవరైనా తాళం ఇస్తారా?

అందుకే నేనొకటి ఆలోచించాను. ఇదిగో, క్షమాపణ ఉత్తరం. నీకు రాయడం రాదని నేనే రాసి తెచ్చాను. 'నేను అనుమతి లేకుండా, అత్యుత్సాహంతో పద్నాలుగో నంబరు మెషీనును పరీక్షించాను.' కింద సంతకం పెట్టు. కాళ్ళావేళ్ళా పడి ఏడాది సస్పెన్షన్‌తో సరిపెడతాను. మా ఆయన అంటుంటాడు, నీ నోరు చూసి భయపడతారు గానీ నీ మనసు వెన్న అని. ఆయనకేం తెలుసు, ఆయన నా స్టూడెంటు కాదు.

పెట్టు. ఏం చూస్తున్నావ్?

చదువుతావా. చదువు. అన్నీ చదివే పెడతావు మరి నువ్వు, మహా ఇల్లాలివి. నాలుగు లైన్లకి ఇంతసేపా?

ఏ మాట? 'అనుమతి లేకుండా' అన్నదా? ఏం, ఆ మాటకేమొచ్చింది? ఉందా నీ దగ్గర అనుమతి? సంచిలో ఏం వెతుకుతున్నావ్?

ఓహో, సోమవారం నేనిచ్చిన అనుమతి కాగితం. దాచావా దాన్ని? గుర్తుంది, గుర్తుంది. అందరూ చూడకుండా సంతకం గీకి నా మొహాన కొట్టి పోతే, నువ్వొక్కదానివి నిలబడి, నాకో కాపీ కావాలి మేడం అన్నావు. ఇదేమన్నా ఆస్తి దస్తావేజా అన్నాను. క్లాసంతా నవ్వింది. సరే, తియ్యి. అందులోనూ అరవై అనే ఉంటుంది. రెండో పేజీ. ఏ మెషీను, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎవరి ఒప్పుకోలు. చదివావా రెండో పేజీ? చదవకుండా సంతకం పెట్టడం మీ బ్యాచ్‌కి పుట్టుకతో వచ్చిన విద్య.

ఇలా ఇవ్వు.

పద్నాలుగు.

ఉండు, కళ్ళజోడు.

పద్నాలుగే.

పోయినేడాది కాగితం ఇది. తేదీ మార్చాను. బ్యాచ్ నంబరు మార్చాను. అంటించాను. కింద... అవును, నా సంతకమే. తోక పొడుగ్గా లాగుతాను, దాచుకోవడానికి కూడా వీల్లేదు.

అయినా బోర్డు మీద రాశానుగా? పందొమ్మిది మందికి కనపడిన బోర్డు నీకెందుకు...

తెలుసు. నువ్వు నోరు విప్పక్కర్లేదు. బోర్డు మీద రాసింది అనుమతి కాదు, నోటితో చెప్పింది అనుమతి కాదు, కాగితంలో ఉన్నదే అనుమతి. ఎవరు చెప్పారు? నేనే చెప్పాను. గొంతు చించుకుని చెప్పాను. ఇరవై మందిలో ఒక్కదానికి ఎక్కింది. ఎక్కినదాన్నే ఈరోజు బయటికి పంపుతున్నాను.

మరి అరవై, పద్నాలుగు తేడా కనిపించినప్పుడు నన్నడగొద్దూ?

అడిగావా. మంగళవారమా? నేనేమన్నాను?

'కాగితం చదవడం రాదా' అన్నానా.

అంటాను. నేను అనే మాటే అది.

కొంచెం నీళ్ళిలా జరుపు.

నీకొక సంగతి చెప్తాను, విని ఊరుకో. నీ అసలు కాగితం, మిగతా పందొమ్మిదీ ఈ సొరుగులోనే ఉన్నాయి. ఆఫీసుకి పంపాల్సినవి, పంపలేదు. అంటే పద్నాలుగు అని రాసి, నా చెయ్యి దాటిన కాగితం లోకం మొత్తం మీద ఇదొక్కటే. నా చేతిలో ఉన్నది. ప్రింటరు నా మోచేతి పక్కనే ఉంది. అరవై అని కొట్టి పందొమ్మిదీ మళ్ళీ తియ్యడానికి ఎంతసేపు? పది నిమిషాలు. సంతకాలంటావా, మీ వాళ్ళు చూడకుండా మళ్ళీ పెడతారు.

కంచే చేను మెయ్యడం అంటే ఏంటో చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్నాను. ఇందాక 'ఇలా ఇవ్వు' అన్నానే, అది చదవడానికి అన్నాను. చదివాక తిరిగివ్వడానికి ఇంతసేపు ఎందుకు పట్టిందో నువ్వు అడగలేదు. అడగకు.

నువ్వు కూడా ఎంత తెలివితక్కువదానివమ్మా! ఉన్న ఒక్క సాక్ష్యం తీసి, ఎవరి మెడకి చుట్టుకుంటుందో వాళ్ళ చేతికే ఇస్తావా? మేడం అయితే మాత్రం? ఏం నేర్చుకున్నావు నువ్వు ఈ లాబ్‌లో?

తీసుకో. ముందు ఫోటో తియ్యి. రెండు పేజీలూ. నా సంతకం పడేలా, తోకతో సహా. మీ అక్కకి పంపించు. వెళ్ళిందా? సరే.

ఆ క్షమాపణ ఉత్తరం ఇటివ్వు. దీన్ని చింపడం నాకు చేతనవును. లోపల నేను మాట్లాడతాను, నువ్వు అడిగినదానికి మాత్రం చెప్పు. ఆ అధికారి ఎలా చూస్తాడో నాకు తెలుసు. చూడనీ. పన్నెండేళ్ళుగా నేను అందర్నీ అలాగే చూశాను.

పద, పిలుస్తున్నారు. నువ్వు ముందు నడువు. కాగితం నీ సంచిలోనే ఉండనీ, నేనడిగినా ఇవ్వకు. ఆ తలుపు దాకా ఇరవై అడుగులుంది. ఈలోపు నా మనసు మారదని నాకే నమ్మకం లేదు, నీకెందుకుండాలి?