పూజలో పెట్టిన ట్రామ్ హ్యాండిల్

హలో… ఆ, నేనే ఆంటీ. వర్షిణిని. కింద బేస్‌మెంట్ వర్షిణిని.

మ్యూజియంలో ఉన్నా. ట్రాముల మ్యూజియం… ఆ, ఆదివారాలు వస్తా కదా, అక్కడే.

ఆంటీ, దేవిశ్రీ మిమ్మల్ని ఒకటి అడిగిందట. పూజలో నుంచి ఆ ఇత్తడి హ్యాండిల్ తీసి ఇమ్మని… మీరు ఇవ్వలేదట.

…లేదు, కోపం కాదు. మీ మీద నాకు కోపమేంటి.

ఒక్క నిమిషం నా మాట వినండి. అది నాది కాదు.

…అవును, నేనే తెచ్చి ఇచ్చా. నిన్న సాయంత్రం మీరు కిందికి వచ్చి, ఆయుధ పూజకి ఎవరి పనిముట్టు వాళ్ళు తెచ్చి అమ్మవారి ముందు పెట్టండి అన్నారు మా ముగ్గురితో. లోహిత్ రెస్టారెంట్ కత్తి తెచ్చాడు. దేవిశ్రీ లాప్‌టాప్ పెట్టింది. నేను అది పెట్టా… నా పనిముట్టే. కాని మ్యూజియంది.

…అడగలేదు.

ఎవర్నీ అడగలేదు ఆంటీ. ఇవాళ్టి కార్యక్రమం కోసం నిన్న కూడా వచ్చా కదా, పాలిష్ చేయమని ఇచ్చారు. సంచిలో వేసుకుని వచ్చేశా. పొద్దున తెచ్చి మేకుకు తగిలిస్తే సరిపోతుందనుకున్నా.

…ఐదింటికే వేర్‌హౌస్‌కి పోయా కదా. మీ పై తలుపు గడియ వేసి ఉంది. కొట్టి లేపడం ఎందుకులే అని… తప్పే. లేపాల్సింది.

దశమి దాకా తీయరని నాకు తెలీదు. మా ఇంట్లో పొద్దున హారతి, మధ్యాహ్నానికి ఎవరి సామాను వాళ్ళది… ఆ, మా తెలంగాణోళ్ళకు తొందరెక్కువ. మీరు ఏమన్నా పడతా. ఆ హ్యాండిల్ మాత్రం ఇవ్వండి.

దేవిశ్రీని పిలవండి. క్యాబ్ బుక్ చేసే ఉంచా…

వెళ్ళిపోయిందా? ఎప్పుడు?… అయ్యో. షిఫ్ట్ ఉందని చెప్పింది, మర్చిపోయా.

సరే. క్యాబ్ మీ వాకిట్లోకే వస్తుంది. డ్రైవర్ చేతికి—

…నిజమే. ఎవరో తెలీదు. కవర్లో చుట్టి—

సరే. సరే ఆంటీ. అనను.

ఇప్పుడు పదకొండు యాభై. ఒంటిగంటకు బండి కదలాలి. అందుకని ఇంతగా అడుగుతున్నా.

…ఏ బండి అంటే, ట్రామ్. ఒట్టావాది. ఇక్కడ మిగతావన్నీ టొరంటో బళ్ళు, వాటి హ్యాండిళ్ళు దీనికి పట్టవు. అది జానెడు ముక్కే. కాని అది తగిలిస్తే గానీ బండి ముందుకూ పోదు, వెనక్కీ పోదు. డ్రైవర్ దిగేటప్పుడు ఊడదీసి జేబులో వేసుకుని దిగాలి. బండి తాళం అనుకోండి.

…డూప్లికేట్ లేదు. చేసిన కంపెనీయే లేదు.

నిజమే, రేపు నడిపితే ఏం పోయిందని ఎవరైనా అంటారు. రేపు చక్రాలు విప్పుతారు ఆంటీ. అరిగిపోయాయి. విప్పి, కొత్తవి పోయించి, మళ్ళీ బిగించాలంటే మూడేళ్ళు అంటున్నారు. వాల్టర్‌కి తొంభై ఒకటి.

…చెప్పలేదా మీకు? ఈ బండి నడిపిన ఆయన. పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ఒట్టావాలో ట్రాములు తీసేశారు. ఆఖరి రోజు ఈ బండిని షెడ్డుకి తోలింది ఆయనే. అప్పుడు ఇరవై ఏడేళ్ళు. మర్నాటి నుంచి బస్సు ఇచ్చారట.

ఇవాళ ఆయన చేత ఒక్క చుట్టు తిప్పిస్తారు. అదే కార్యక్రమం. వృద్ధాశ్రమం వ్యాన్‌లో తీసుకొచ్చారు. రెండింటికి మళ్ళీ తీసుకుపోతారు… ఆ, వచ్చేశాడు. బండిలోనే కూర్చున్నాడు, డ్రైవర్ స్టూలు మీద. పాత టోపీ పెట్టుకున్నాడు. హ్యాండిల్ ఉండే చోట వేలు పెట్టి చూసుకుని, నన్ను అడిగాడు. తెస్తా అన్నా.

జనమా… రెండు వందలు దాటారు. మనవరాళ్ళు, వాళ్ళ పిల్లలు. ఒట్టావా నుంచి ఆయనతో పనిచేసినాయన కొడుకు వచ్చాడు.

నాకు ఏమవుతాడా? ఏమీ అవడు.

…బ్రేక్ వేయడం నేర్పాడు ఆంటీ. నా చేతి మీద చెయ్యి వేసి, ఎంత లాగాలో, ఎక్కడ వదలాలో. నేను నిలబడి తినడం చూసి, కూర్చుని తినమ్మా అని ఈ దేశంలో చెప్పింది ఆయనొక్కడే… మీరు కాక. మీరూ చెప్పారు. నిజం.

కాళ్ళు పట్టుకుంటా ఆంటీ.

…

ఏ తాళాలు?

…అంకుల్ ట్రక్ తాళాలా? పోయినేడా?

లేదు… నాకు తెలీదు. నేను జనవరిలో కదా మీ ఇంట్లో దిగింది. యాక్సిడెంట్ అని తెలుసు. సార్నియా దగ్గర, హైవే మీద అని తెలుసు. తాళాలు పూజలో నుంచి తీశారని… దేవిశ్రీకి కూడా తెలీదనుకుంటా.

…నవమి పొద్దున.

…లోడ్ ఉందని ట్రక్ కంపెనీ డిస్పాచ్ వాళ్ళు ఫోన్ చేస్తే.

…మీరు వద్దన్నారు.

…

ఆంటీ, వింటున్నా. చెప్పండి.

…

ఏడాది అయింది కదా. మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు కదా ఆయన. నడుము వల్ల అనుకున్నాం మేమంతా.

మీరు భయపడటం తప్పని నేను అనను. కాని ఒకటి చెప్తా, తిట్టండి తర్వాత. మా నాన్న జగిత్యాల బస్ డిపోలో మెకానిక్. దసరాకి స్పానర్లు, జాకీలు, బస్సులు… అన్నిటికీ బొట్లు. హారతి ఇచ్చాక బస్సు చక్రం కింద నిమ్మకాయ పెట్టి తొక్కించి, అటునుంచి అటే రూట్ మీదకి పంపేవాళ్ళు. పూజ చేసిన బస్సు డిపోలో ఉంటే జనం ఎలా పోతారు? ఏనాడూ ఆపలేదు. బస్సు తిరగడమే దాని పూజ అనేవాడు నాన్న.

…అవును. అది డిపో. మీది ఇల్లు.

…దోషం ఉంటే నాది. రాసిస్తా. నేనే మొక్కుకుంటా, మీ అమ్మవారికి, నా పేరు చెప్పుకుని. బండి నేను నడుపుతా అనుకోండి, దెబ్బ తగిలేది నాకే అనుకోండి—

అనకూడదా. సరే. అనను.

…ఆంటీ?

…వెనక ఆ చప్పుడేంటి? గరాజ్ డోరా?

ఎవరు తీశారు?

ఫోన్ స్పీకర్‌లో పెట్టారా ఇంతసేపూ? అంకుల్ విన్నారా?

…చేతిలో ఉందా? పూజలో నుంచి తీసేశారా?

మీరు చూస్తుండగానే?

…

ఆంటీ, ఆపండి ఆయన్ని. వద్దని చెప్పండి. నేను చెప్పానని చెప్పండి. నేను తెమ్మన్నది ఆయన్ని కాదు. ఏడాది తర్వాత మొదటిసారి, ఇంత దూరం, హైవే… అంకుల్. అంకుల్, వినిపిస్తోందా? హ్యాండిల్ వద్దు అంకుల్. నేను వాల్టర్‌కి చెప్పుకుంటా. ఏదో ఒకటి చెప్పుకుంటా.

ఆంటీ, వాకిట్లోకి పరిగెత్తండి.

…

…మలుపు తిరిగేశారా.

ఫోన్ చేయండి. ఆయన ఫోన్‌కి చేయండి, నా లైన్ హోల్డ్‌లో పెట్టి…

వంటింట్లో మోగుతోందా. వదిలేసి వెళ్ళారా.

…

సరే. కూర్చోండి ముందు. మంచినీళ్ళు తాగండి. దీపం ఉందా?… వెలుగుతోంది కదా. మీరు దాని దగ్గరే కూర్చోండి. నేను ఫోన్ పెట్టను. వచ్చేదాకా పెట్టను.

నా మీద అరవండి. అరిచినా పర్లేదు… ఏదో ఒకటి మాట్లాడండి.

…తెలుసు. నా కోసమే. నేను అడగబట్టే. వాల్టర్ కోసం, వాల్టర్ కోసం అంటున్నా గాని, నేను అడిగింది నా కోసమే. దొరికిపోతానని. మనవాళ్ళలో ఇక్కడికి వచ్చేది నేనొక్కదాన్నే. దొంగ అంటారని.

పన్నెండు పది. నలభై నిమిషాల దారి. లోపలి రోడ్లలో వస్తే ఇంకో పది… ఎలా వస్తారో మీకూ తెలీదు కదా.

ఆంటీ, బ్రూస్ వస్తున్నాడు. ఇక్కడ అంతా ఆయనే చూస్తాడు. హ్యాండిల్ గురించే. ఫోన్ చేతిలోనే ఉంటుంది, మీరు కట్ చేయకండి.

…యస్ బ్రూస్. నో. ఇట్ ఈజ్ నాట్ ఇన్ ద షెడ్. ఐ టుక్ ఇట్ హోమ్. …యస్టర్‌డే. …నో, నోబడీ నోస్. ఓన్లీ మీ. …ఇట్ ఈజ్ కమింగ్. …ఐ డోంట్ నో వెన్. …సారీ. …ఓకే. ఓకే.

…ఆ, ఉన్నా ఆంటీ. చెప్పేశా.

వాచీ చూసుకున్నాడు. తర్వాత నా బ్యాడ్జ్ అడిగాడు. తీసి ఇచ్చా.

…ట్రెయినీ బ్యాడ్జ్. వచ్చే ఏడు నడపడానికి పరీక్ష ఉండేది… పోతే పోయింది ఆంటీ. మీరు దాని గురించి ఆలోచించకండి. ఇప్పుడు అదా.

…వాల్టర్‌కి ఆయనే చెప్పాడు. కిటికీలో నుంచి కనిపిస్తోంది. వాల్టర్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. దిగమంటే దిగట్లేదు.

…పన్నెండు ముప్పై. వర్షం లేదు ఇక్కడ. అక్కడా లేదు కదా. రోడ్డు పొడిగా ఉంటుంది.

ఇంకా ఫోన్ రాకపోతే మంచిదే కదా ఆంటీ. ఏదైనా అయితే పోలీసులే చేసేవాళ్ళు…

అనకూడదు. నోరు మూసుకుంటా.

…చెప్తా. ఏం చెప్పాలి? బండి సంగతా?… నలభై నాలుగు సీట్లు. చెక్కవి. సీటు వీపు అటూ ఇటూ తిరగేయొచ్చు, బండి ఎటు పోతే అటు. పైన తోలు పట్టీలు, నిలబడేవాళ్ళకి. గంట కాలితో నొక్కాలి. కిందటి నెల ఒక పిల్ల వచ్చి—

…ఆంటీ, మీరు వినట్లేదు. ఏడుస్తున్నారు.

…అడగండి.

…లేదు. నాకూ అదే అనిపిస్తోంది. ఆయన తాళాలు తీసింది లోడ్ కోసం. ఇప్పుడు తీసింది పరాయి ముసలాయన కోసం. అమ్మవారికి తేడా తెలుస్తుందా అంటే నాకేం తెలుసు. తెలియాలి.

…పన్నెండు యాభై. ఏమీ కనిపించట్లేదు. గేటు దగ్గరే నిలబడ్డా. ఒక వ్యాన్… కాదు. కుక్కతో ఎవరో.

…జనం పోతున్నారు కొందరు. బ్రూస్ మైకులో ఏదో చెప్పాడు. ఉండండి ఆంటీ, రోడ్డు చూడనివ్వండి నన్ను.

…పన్నెండు యాభై ఏడు.

…

ఆంటీ, మీది గ్రే కారే కదా. కుడివైపు తలుపు మీద గీత.

…ఆ. వస్తోంది. మెల్లగా వస్తోంది, వెనక ఇద్దరు హార్న్ కొడుతున్నారు. గేటు దాటింది. ఆగింది.

…కనిపించట్లేదు లోపల. ఉండండి, పరిగెత్తుతున్నా. తలుపు తీస్తున్నారు. కాలు కింద పెట్టారు. రెండు కాళ్ళూ. తలుపు పట్టుకుని నిలబడ్డారు.

…లేదు, ఎక్కడా ఏమీ లేదు. బాగానే ఉన్నారు. చెమటకి చొక్కా తడిసిపోయింది అంతే.

చేతిలో ఉంది. బొట్టు కూడా చెరగలేదు… వింటున్నారా, ఆంటీ?

అంకుల్… అంకుల్, అది బ్రూస్‌కి ఇవ్వండి, ఆ ఎర్ర కోటు ఆయన, పరిగెత్తుకొస్తున్నాడు. ఇచ్చేశారా. సరే. నేను వెళ్ళను, బండి వాళ్ళే కదిలిస్తారు. ముందు మీరు ఈ ఫోన్ పట్టుకోండి. ఆంటీ ఉన్నారు లైన్‌లో. ఇందాకటి నుంచీ ఉన్నారు.