పొగ రాని కుంపటి

హలో… ధర్మాబాద్ టేషనేనా?… ఎవరు, దిగంబరన్ననా?… ఆ, నేనే అన్నా, శివరాంను. నాందేడ్ గూడ్సు ఆఫీసు శివరాంను… అవు, గొంతు గిట్లనే ఉన్నది, అది తర్వాత చెప్త. ముందుగాల నా మాట ఇను.

మా ఇంటికి మనిషిని ఉరికియ్యి. ఇప్పుడే!… పట్టాలు దాటంగనే మా ఇల్లు, నువ్వు చూసిందే గద… బాలెంత అర్ర తలుపు తెరువుమను. లోపలున్న కుంపటి బయట పారెయ్యమను. నా పెండ్లాం గోదావరిని, బిడ్డను గాలికి తేవాలె…

లేదన్నా, ఇల్లు అంటుకోలే… మంటైతె జనం చూస్తరు, ఉరికొస్తరు. ఇది ఎవ్వరికి కనపడది… నీకు దండం పెడ్త, ముందు మనిషిని పంపు, తర్వాత అడుగు.

ఎవరున్నరు ఆడ?… పట్టాలు మలిపే పాయింట్ల పోశన్ననా? పోశన్ననే పంపు. నడుచుడు గాదు, ఉరకమను… పిలువు, నేను ఫోను పట్టుకునే ఉంట…

రాందాస్, పక్కన నిలవడి నన్ను జర పట్టుకో. కండ్లు తిరుగుతున్నయ్… లే, కూసోను. కూసుంటె గోడ మీది ఫోను అందది.

ఆ, అన్నా… పోయిండా?… నీ కడుపు సల్లగుండ.

ఏమైందా… ఎట్ల చెప్పాలె… మొన్న ఇంటికి అచ్చిన గద. ఒక్కతీరుగ ముసురు. బాలెంత అర్ర గోడకు బూజు వట్టింది. ముందుగాల మినపగింజలంత మచ్చలుండెనట, నేను చూసేవరకు ఒక్కొక్కటి పళ్లెమంత అయినయ్. నల్లగ. చెయ్యి పెడితె తడి… యాపాకు పొగ ఏసిండ్రు. సున్నం గొట్టిండ్రు. సున్నం మీదికెల్లి మళ్ల అచ్చింది. బిడ్డ బొంతకు బూజు, గోదావరి చీరెలకు బూజు… బిడ్డకేమో దగ్గు. గింతంత పిల్ల, దగ్గితె ఒళ్లంత ఎగురుతుండె. నాకు గుబులు వట్టదా చెప్పు?

గాలి ఆడితె గోడ ఆరుతుండె. మా అమ్మ ఆడనిస్తదా… బాలెంతకు గాలి సోకొద్దని కిటికీల పాత బట్టలు కుక్కింది. తలుపు కింది సందుకు గోనెసంచి… అవు, మీ ఇండ్లల్ల గూడ అంతే గద. పిడకల కుంపటి పెడితె పొగకు బిడ్డ ఉక్కిరిబిక్కిరి. గందుకే నేను… నేనే తెలివికి వోయిన…

ఇంజను బొగ్గన్నా. ఇంజను దులిపిన బూడిదల ఏరుకుంటరు చూడు, సగం కాలింది… ఆ, గదే. ఈ లడాయి దినాలల్ల కట్టెలు దొరకకపాయె. ఆ బొగ్గు ఒక్కసారి ఎర్రగైతె పొగ ఉండది, వాసన ఉండది. సంచి నింపి నిన్నటి బండికి పంపిన. అమ్మకు చెప్పిచ్చిన… రేపు పొద్దుగాల కుంపటి నిండ బొగ్గు పొయ్యి, గోడ పొంటి పెట్టు, తలుపు బిగ్గ మూయి, పొద్దు గూకెవరకు గోడ ఆరుతదని. నేనే చెప్పిచ్చిన అన్నా!

ఎట్ల తెలిసిందా? నేను సచ్చి బతికిన గద, ఇప్పుడే!… ఈడ నా అర్రల గూడ బూజే. గోదారి పక్కపొంటి, ఇంకేముంటది. రాత్రి డ్యూటీ దిగి పొద్దుగాల అచ్చి, మిగిలిన బొగ్గు అంటువెట్టి, తలుపేసి పండుకున్న. గోడ ఆరుతది, నేను నిద్రవోత అనుకున్న… మంచి నిద్ర వట్టిందన్నా. గసొంటి నిద్ర ఎన్నడు వట్టలే. లేవాలనే అనిపియ్యలే… పక్కింటి రాందాస్ పిలిచి పిలిచి తలుపు తన్నిండు. కాళ్లు వట్టి బయటికి గుంజిండంట. ఒకటే వాంతులు. తల పగులుతున్నది… మూసిన అర్రల ఆ బొగ్గు కనపడని ఇసం కక్కుతదన్నా… కండ్లు తెరువంగనే నా బిడ్డ యాదికొచ్చింది. పడుకుంట లేసుకుంట ఈడిదాంక అచ్చిన…

జీ సాబ్… బస్ ఏక్ మినట్ సాబ్… బచ్చీ కీ జాన్ కా సవాల్ హై, నా బిడ్డ పానం సాబ్…

మా టేషన్ మాస్టర్ అన్నా. లైను ఇడువమంటున్నడు. గూడ్సు బండి ఇడువనీకె ఇదే లైన్ల మాట్లాడాలెనంట… నీ దిక్కే అస్తున్నదా? అయితె సిగ్నలిచ్చెటోనివి నువ్వు కదలరాదు… సరే, సరే, నువ్వు ఆడనే ఉండు. పోశన్న…

ఏంది? అచ్చిండా? అప్పుడే?… బిడ్డేది?… తేలేదా!… తలుపు తెరువలేదా?… అమ్మ ఏమన్నదంట?

…పండుకున్నరా.

…ఇన్ని దినాలకు బిడ్డ ఏడుపు బందైంది, తల్లి బిడ్డ కమ్మగ నిద్రవోతున్నరు, లేపొద్దు అన్నదా… దిగంబరన్నా, అది నిద్ర గాదన్నా. అది నిద్ర గాదు!

వాకిట్లనే నిలవెట్టిందా… పురిటిల్లు, మొగోడు రావొద్దన్నదా… పోశన్న కులం గూడ ఎత్తిందా… అయ్యో, అమ్మా!

ఫోను పోశన్నకియ్యి… ఇయ్యన్నా! పట్టుకునుడు రాకుంటె నువ్వే చెవు కాడ పెట్టు…

పోశన్నా? నేను శివరాంను. మా అమ్మ మాట ఇనకు. తిడితె తిట్టనీ, మొత్తుకుంటె మొత్తుకోనీ. నువ్వు గడప దాటు… దాటు, నేను చెప్తున్న, ఆ ఇల్లు నాది. తలుపు రాకుంటె కాలుతోని తన్ను. బిడ్డను, గోదావరిని టేషనుకు తే… ముట్టుకో పోశన్నా! నీ చెల్లె అనుకోని ఎత్తుకో… ఊరోళ్లు కొడ్తరా?… నేను అచ్చి అడ్డం నిలవడ్త. నన్ను కొట్టినంకనే నీ మీదికి రావాలె… నీకు భయమైతది, నాకెరుకే. నాకు గూడ మస్తు భయమైతున్నది… ఉరుకు నాయనా, ఉరుకు!

…

అన్నా, ఉన్నవా?… కిటికీలకెల్లి ఏమన్న కనపడ్తున్నదా?… వాననా… మా అమ్మ మొత్తుకునుడు ఇనపడ్తున్నదా? మొత్తుకోనీ. అంటె లోపలికి పోయిండన్నట్టు… గింత సేపెందుకు? రెండడుగుల అర్ర అది. ఎందుకింత సేపు?…

పేరు గూడ పెట్టలే అన్నా. ఇరవయ్యొకటో దినం నాడు పెడ్దామని ఉత్తగ బిడ్డా, బిడ్డా అంటున్నం… నేను రెండుసార్లే ఎత్తుకున్న. వాసన గూడ యాది లేదు…

హౌ సాబ్… ఛోడ్తా, లైను ఇడుస్త సాబ్… ఆప్‌కే పాంవ్ పడ్తా, కాళ్లు మొక్కుత సాబ్…

ఏంది? అచ్చిండా!… ఇద్దర్ని తెచ్చిండా? గోదావరిని భుజం మీద… కండ్లు తెరిచిందా?… మూలుగుతున్నదా, మూలుగనీ! వాంతులా? చేసుకోనీ, మంచిదే, నేను గూడ చేసుకున్న…

బిడ్డ?

…దిగంబరన్నా, బిడ్డ?…

ఏడుస్తలేదా… బొంత తీసెయ్యి! జల్లు వడ్డ ఏంగాదు, గాలికి పెట్టు. అరికాళ్లు రుద్దు. గిచ్చు, పాపమనకు, గట్టిగ గిచ్చు… ముఖం మీద ఊదు… ఇంకోసారి… ఇంకోసారన్నా…

…

దగ్గిందా?… ఏడ్చిందా!… ఆగు, ఆగు, ఫోను జర ఆమె దిక్కు పెట్టు… ఇనపడ్తున్నది! రాందాస్, ఇనపడ్తున్నదే, నా బిడ్డ ఏడుస్తున్నది! ఇగో ఇను, నువ్వు గూడ ఇను…

అన్నా, పోశన్న కాళ్లు మొక్కుత అని చెప్పు. వద్దంటె గూడ మొక్కుత… ఆ… ఆ… మా అమ్మకియ్యి బిడ్డను. ఆమె చేతులల్ల అయితె ఊకుంటది…

రాలేదా? మనుమరాలు గిట్లుంటె ఆమె రాకపోవుడేంది?… పోశన్నను అడుగు. ఏం చేస్తున్నదంట?…

అలుకుతున్నదా… పోశన్న కాలు పెట్టిండని అర్రంత పెండ నీళ్లతోని అలుకుతున్నదా. ఇప్పుడా!…

కుంపటో?… కుంపటి తీసిండా పోశన్న?… అవు, ఇద్దర్ని ఎత్తుకున్నోడు కుంపటెట్ల తీస్తడు… తలుపు తెరిచే ఉన్నది గద?… తలుపన్నా, తలుపు!

…నూకిందా? పోశన్నను బయటికి నూకి… లోపల గడియ పెట్టుకున్నదా.

దిగంబరన్నా, నువ్వు ఉరుకు! పోశన్నకు తియ్యది, నువ్వు పోతెనే తీస్తది!… బండి నిలవడనీ! సిగ్నలు బయట నిలవడనీ, బండికేమైతది! మా అమ్మ అన్నా… ముసలిదన్నా… హలో… అన్నా… హలో…

ఫోను ఇడిచి ఉరికిండు, రాందాస్. ఎవ్వరు మాట్లాడ్తలేరు… బిడ్డ ఏడుపొక్కటే. బల్ల మీద పండవెట్టినట్టున్నరు…

ఏడువు బిడ్డా. గట్టిగ ఏడువు. మీ నాయినమ్మకు ఇనపడాలె… నీ ఏడుపు ఇనపడితె ఆమె పండుకోది, తలుపు తీసుకోని ఉరికొస్తది… ఊకోకు… ఊకోకు తల్లీ, ఇంకా రాలే ఆమె, ఏడువు…

సాబ్, నక్కో సాబ్… లైను తియ్యొద్దు సాబ్, ఇంకా తలుపు… నక్కో—