తీగకు గుచ్చిన శాపాలు

బోధన్ రోడ్డు మీద చెరుకు బండ్లు బారులు తీరిన సాయంత్రం, రిటైరైన మాస్టారి వరండాలో కాలేజీ అమ్మాయి చాప మీద కూర్చుంది. చెరుకు నరికిన మనిషి పేరుతో చక్కెర ఫ్యాక్టరీ ఇచ్చే చీటీలు వాడేసాక, వాటి వెనుక పాత ఇంగ్లీషు నాటకాల మాటలు రాసి తీగకు గుచ్చడం ఆయన శిష్యులందరికీ అలవాటు.

“ఇయ్యాల తిట్లే రాస్త సార్. శాపాలు గూడ.”

“గా లెక్చరర్ మల్ల ఏమన్నడు బిడ్డా?”

“‘చెరుకు నరికేటోల్ల పిల్లకు రాణి మాటలు అర్థమైతయా?’ అన్నడు. క్లాసంత నవ్విండ్రు. శనివారం క్లాసుల నాటకం చదివేటప్పుడు రాణి మాటలు నావే. ఆయన నోరు మూయిస్త.”

“నాలుగు వందల మాటలు నేర్చినవ్. మూయిస్తవ్.”

“గోడకున్న గా పాత తీగ ఎవలది?”

ఆయన చెప్పేలోపే ఆమె తీసి, మొదటి చీటీ తిప్పింది.

“గీ రాత మా లెక్చరర్‌ది! ఎనుక చెరుకు నరికిన మనిషి పేరు దేవదాస్... అంటే ఆయన బాపే గదా సార్?”

“అవును. నువ్వు కూసున్న చాప మీదనే కూసున్నడు ఆయన గూడ.”

“గిది క్లాసుల సూపిస్తే తలకాయ ఎత్తుతడా?”

“ఎత్తడు.”

మాస్టారు వారించలేదు. ఆమె చీటీని కొంగున ముడి వేసుకుంది. కాసేపటికి ముడి విప్పి, నలిగిన అంచును వేలితో సరిచేసి, మళ్ళీ ఆ తీగకే గుచ్చింది. ఆ వేలిని ఆయన చూశాడు.

“పెద్దమనిషి ఏం జేసిండు పాపం, ఆయన పేరెందుకు నవ్వులపాలు చేసుడు? కొడుకును మాత్రం ఇడువ. రాణి శపించే కాడ పుస్తకం సూడకుంట, ఆయన మొకం సూసుకుంటనే చదువుత. ఇంకో పది శాపాలు చెప్పుండ్రి సార్.”

మాస్టారు పది చీటీలు లెక్కపెట్టి ఆమెకిచ్చాడు.